స్విఫ్ట్ 1.2 పెట్రోల్‌కి నైట్రస్: 25 హెచ్‌పీ కిట్ బిగించే ముందు ఏమేం చూసుకోవాలి?

కూకట్‌పల్లి_కే12

కారు 2019 స్విఫ్ట్ పెట్రోల్, 5 గేర్ల మాన్యువల్. ఇంజిన్ కే12ఎం, 1197 సీసీ, కంపెనీ లెక్క 83 పీఎస్, 113 ఎన్‌ఎం. ఇంజిన్‌లో ఏ మార్పూ లేదు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) కూడా కంపెనీదే. రోజూ ఆఫీసుకి ఇదే కారు. ట్రాక్ మీద జరిగే 400 మీటర్ల డ్రాగ్ ఈవెంట్లకి మాత్రమే చిన్న నైట్రస్ కిట్ (ఇంజిన్‌లోకి నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ వదిలి కాసేపు పవర్ పెంచేది) పెట్టాలని ఆలోచన. రోడ్డు మీద వాడే ఉద్దేశం లేదు.

నా ప్రశ్నలు ఇవి. డ్రై కిట్ (గ్యాస్ మాత్రమే వదిలేది) చవక, పెట్రోల్ లైను ముట్టుకోనక్కర్లేదు అంటున్నారు, ఈ ఇంజిన్‌కి సరిపోతుందా? 25 హెచ్‌పీ చాలా, 50 దాకా వెళ్లొచ్చా? మన ఎండల్లో సిలిండర్ డిక్కీలో ఉంటే ప్రమాదమా? గ్యాస్ ఎక్కడ నింపించాలి?

అడ్వాన్స్_రిటార్డ్

మొదటి ప్రశ్నకి జవాబు: ఈ కారుకి డ్రై కిట్ వద్దు. ఎందుకో అర్థమైతే మిగతా సగం ప్రశ్నలకి జవాబు దొరికినట్టే.

నైట్రస్ తనంతట తాను మండదు. సిలిండర్‌లో దాదాపు 300 డిగ్రీలు దాటాక అది విడిపోయి ఆక్సిజన్ ఇస్తుంది. బరువు లెక్కన గాలిలో ఆక్సిజన్ 23 శాతం, నైట్రస్‌లో 36 శాతం. ఆ అదనపు ఆక్సిజన్‌కి తగ్గ పెట్రోల్ కూడా వెళ్తేనే పవర్ వస్తుంది. పెట్రోల్ చాలకపోతే మిక్చర్ లీన్ అయి, నాకింగ్ (మిక్చర్ అదుపు తప్పి పేలడం) మొదలై, పిస్టన్ పై రింగు గాడి దగ్గర విరుగుతుంది.

డ్రై కిట్‌లో ఆ పెట్రోల్ ఇంజెక్టర్లే ఇవ్వాలి. అంటే నైట్రస్ వచ్చిందని ఈసీయూకి తెలియాలి. ఫిల్టర్ డబ్బా తర్వాత పైపులో గాలి కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న కార్లలో, నాజిల్‌ని దాని ముందు పెట్టి కొంతవరకు తెలిసేలా చేయొచ్చు. మీ కారు బానెట్ ఎత్తి చూడండి. పైపులో మాఫ్ లేకుండా మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) మీద మ్యాప్ సెన్సర్ ఉంటే, ఈసీయూ చూసేది ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఆర్‌పీఎం మాత్రమే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మానిఫోల్డ్ ఒత్తిడి ఎలాగూ బయటి గాలి ఒత్తిడికి దగ్గరగా ఉంటుంది. నైట్రస్ వదిలినా ఆ అంకె పెద్దగా మారదు, కాబట్టి ఇంజెక్టర్లు పాత లెక్కలోనే పెట్రోల్ పోస్తాయి. డ్రై కిట్ పెట్టి పాడైన చిన్న ఇంజిన్లలో సాధారణంగా జరిగేది ఇదే.

అందుకని వెట్ కిట్. ఒకే నాజిల్‌లో నైట్రస్, పెట్రోల్ కలిసి వస్తాయి. నాజిల్ థ్రాటిల్ బాడీకి (ఇంజిన్‌లోకి గాలి వదిలే కవాటం) 10 నుంచి 15 సెంటీమీటర్ల ముందు, పైపు నేరుగా ఉన్న చోట, మొన థ్రాటిల్ వైపు ఉండేలా పెట్టాలి. గాలి ఉష్ణోగ్రత చూసే సెన్సర్ పైపులోనే ఉంటే నాజిల్ దాని తర్వాతే రావాలి. లేకపోతే ఆ చలికి సెన్సర్ మోసపోయి, గాలి చల్లగా ఉందనుకుని ఈసీయూ టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే క్షణం) ముందుకు జరుపుతుంది. అక్కడ కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఇక పెట్రోల్ వైపు. 25 హెచ్‌పీకి సెకనుకి సుమారు 10 గ్రాముల నైట్రస్ పోతుంది. రసాయన లెక్కన 9.6 గ్రాముల నైట్రస్‌కి 1 గ్రాము పెట్రోల్. కాస్త రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) ఉంచితే సెకనుకి 1.2, 1.3 గ్రాములు, అంటే నిమిషానికి దాదాపు 100 మిల్లీలీటర్లు అదనం. పూర్తి పవర్‌లో మీ ఇంజిన్ మామూలుగా తాగేది నిమిషానికి సుమారు 400 మిల్లీలీటర్లు. కంపెనీ పంపు మంచి స్థితిలో ఉంటే ఈ భారం మోయాలి, కానీ నమ్మకంతో సరిపెట్టుకోకండి. ఫ్యూయల్ రైలుకి (ఇంజెక్టర్లకి పెట్రోల్ ఇచ్చే గొట్టం) గేజ్ పెట్టి, కిట్ ఫ్యూయల్ సాలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) తెరిచి ఉండగా ఒత్తిడి ఎంత పడుతుందో చూడండి. 0.3 బార్ కంటే ఎక్కువ పడితే పంపు, ఫిల్టర్ సంగతి తేల్చాకే ముందుకెళ్లాలి.

జెట్ల (ఎంత పారాలో నిర్ణయించే చిన్న రంధ్రాల) విషయంలో చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. కిట్‌తో వచ్చే పట్టికలో ప్రతి జెట్ జతకీ ఒక పెట్రోల్ ఒత్తిడి రాసి ఉంటుంది. కార్బురేటర్ కిట్ పట్టిక 5, 6 పీఎస్ఐ మీద ఉంటుంది, ఇంజెక్షన్ కిట్ పట్టిక 3 బార్ దగ్గర. ఒకదాని జెట్ ఇంకోదానిలో వేస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది. మీ రైలు ఒత్తిడి 4 బార్ అనుకుందాం. 3 బార్ పట్టికలోని జెట్ నుంచి 15 శాతం ఎక్కువ పెట్రోల్ వస్తుంది, ఎందుకంటే ప్రవాహం ఒత్తిడి వర్గమూలంతో పెరుగుతుంది. మరోపక్క మనకి బంకుల్లో దొరికేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్). దానికి సరైన గాలి నిష్పత్తి 14.7 కాదు, 13.5 దగ్గర, అంటే 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఈ రెండూ చాలావరకు సరిపోయి కాస్త రిచ్ వైపే మిగులుతుంది కాబట్టి పట్టికలోని జెట్‌తోనే మొదలుపెట్టొచ్చు. అదే రైలు 3 బార్ అయితే ఫ్యూయల్ జెట్ వైశాల్యం 9 శాతం పెరగాలి. వైశాల్యం అన్నాను, వ్యాసం కాదు. వ్యాసం పెంచాల్సింది 4 శాతం చిల్లర మాత్రమే.

వైడ్‌బ్యాండ్ గేజ్ (పొగలోని ఆక్సిజన్‌ని బట్టి మిక్చర్ చూపేది) లేకుండా ఈ పనికి దిగకండి. అది కూడా ఏఎఫ్ఆర్ (గాలి, ఇంధన నిష్పత్తి) అంకెల్లో కాకుండా లాంబ్డాలో (సరైన మిక్చర్ అయితే 1, రిచ్ అయ్యేకొద్దీ తగ్గుతుంది) చూడండి, ఈ20తో ఏఎఫ్ఆర్ అంకె తికమక పెడుతుంది. నైట్రస్ పారుతున్నప్పుడు 0.80 నుంచి 0.82 మధ్య ఉండాలి. 0.86 దాటిందంటే ఆ పరుగు అక్కడే ఆపేయండి.

నలుగు_వాల్వులు

25 మరీ తక్కువ కాదా? ఇదే సైజు ఇంజిన్లకి బయట దేశాల్లో 50 వేసి నడిపేవాళ్లు ఉన్నారు. కిట్‌లో 35, 50 జెట్లు కూడా వస్తాయి. రెండు, మూడు పరుగులకి ఏమవుతుంది?

అడ్వాన్స్_రిటార్డ్

హెచ్‌పీ చూసి నిర్ణయించకండి, టార్క్ చూడండి. నైట్రస్ ప్రవాహం సెకనుకి ఇంత అని స్థిరంగా ఉంటుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే ప్రతి ఆవృత్తికీ సిలిండర్‌లోకి ఎక్కువ నైట్రస్ చేరుతుంది. 25 హెచ్‌పీ అంటే 5500 ఆర్‌పీఎం దగ్గర అదనంగా 32 ఎన్‌ఎం. 4000 దగ్గర 44. 3000 దగ్గర 59. 2000 దగ్గర 89. ఇప్పుడు దాన్ని 50 చేయండి: 3000 దగ్గరే 118 ఎన్‌ఎం అదనం, అంటే ఇంజిన్ మొత్తం టార్క్ రెట్టింపు దాటింది. కంపెనీ పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్లచ్ ప్లేటు ఆ లెక్కకి చేసినవి కావు. పిస్టన్ విరగడానికి మూడో పరుగు దాకా ఆగక్కర్లేదు, ఒక్క నాకింగ్ దెబ్బ చాలు.

మార్పులు లేని ఇంజిన్‌కి అసలు పవర్‌లో 25, 30 శాతం దగ్గర ఆగాలన్నది చాలాకాలంగా నిలిచిన లెక్క. 83 పీఎస్‌కి 25 అంటే ఆ గీత మీదే ఉన్నారు. 50 అంటే 60 శాతం. ఫోర్జ్డ్ పిస్టన్లు, పై రింగు గ్యాప్ పెంచడం, టైమింగ్ మ్యాప్, క్లచ్ అన్నీ మార్చాక మాట్లాడుకోవాల్సిన అంకె అది. అప్పుడది రోజువారీ కారు కాదు.

ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా బయటికి పంపేవి) వేయండి. ఎన్‌జీకే, డెన్సోలలో నంబర్ పెరిగితే చల్లన, బాష్‌లో నంబర్ తగ్గితే చల్లన. ఇది తిరగేసి కొనేవాళ్లు చాలామంది. గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. సన్న మొన ఇరిడియం కంటే మామూలు నికెల్ ప్లగ్గు నయం. టైమింగ్ 50 హెచ్‌పీకి 2 డిగ్రీలు వెనక్కి అనే లెక్కలో మీకు 1 డిగ్రీ చాలు, 2 అయితే నిశ్చింత. ఈసీయూ ముట్టుకోకపోతే కనీసం 95 లేదా 100 ఆక్టేన్ పెట్రోల్ వాడండి. నాక్ సెన్సర్ చూసుకుంటుంది కదా అనుకోవద్దు. అది శబ్దం విన్నాకే టైమింగ్ తగ్గిస్తుంది, అప్పటికి దెబ్బ పడిపోయి ఉంటుంది.

గ్యాస్_గోడౌన్

సిలిండర్ గురించి నేను చెప్తాను. మన ప్రాంతంలో అసలు ఇబ్బంది అక్కడే ఉంది.

కిట్ల సూచనల పుస్తకాలు చలి దేశాల వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. సిలిండర్ వెచ్చబెట్టే హీటర్ గురించి పేజీలకి పేజీలు ఉంటాయి, చల్లబరచడం గురించి రెండు వాక్యాలు. మనకి కావలసింది ఆ రెండో భాగం. నైట్రస్ సిలిండర్‌లో ద్రవంగా ఉంటుంది. ఒత్తిడి 20 డిగ్రీల దగ్గర సుమారు 735 పీఎస్ఐ, 30 దగ్గర 915. జెట్లు 900 నుంచి 950 మధ్యకి లెక్కించి చేసినవి, కాబట్టి హైదరాబాద్‌లో మామూలు రోజున హీటర్ లేకుండానే సరైన ఒత్తిడి వచ్చేస్తుంది. హీటర్ కొనకండి.

36.4 డిగ్రీలు నైట్రస్‌కి క్రిటికల్ ఉష్ణోగ్రత. అది దాటితే ద్రవం, ఆవిరి అనే తేడా ఉండదు. ఆ స్థితిలో జెట్ గుండా ఎంత వెళ్తుందో కిట్ పట్టిక చెప్పదు. దానికి ముందే, 1000 పీఎస్ఐ దాటగానే నైట్రస్ ఎక్కువ పోతుంది, పెట్రోల్ మాత్రం అదే ఒత్తిడి మీద అంతే వస్తుంది. మిక్చర్ లీన్. అంటే ఎండాకాలం మధ్యాహ్నం ఈవెంట్‌లో, పొద్దున బాగానే నడిచిన జెట్లే ఇంజిన్‌ని పాడు చేయగలవు. గేజ్ 950 కంటే పైన ఉంటే ఆ పరుగులో నైట్రస్ తెరవకండి. నీడలో పెట్టి తడిగుడ్డ చుట్టండి, ఒత్తిడి కిందికి దిగుతుంది.

ఇంకో సంగతి. నిండు సిలిండర్‌లో లీటరు ఖాళీకి 0.68 కిలో నింపుతారు. 30 డిగ్రీల దగ్గర ద్రవ నైట్రస్ సాంద్రత కూడా దాదాపు అంతే. అంటే ఆ వేడికి ద్రవం వ్యాకోచించి పైన ఆవిరికి ఉన్న ఖాళీ అంతా నిండిపోతుంది. ఆ తర్వాత పెరిగే ప్రతి డిగ్రీకీ ఒత్తిడి నిటారుగా ఎగబాకుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు మామూలే. సుమారు 3000 పీఎస్ఐ దగ్గర వాల్వ్ మీది సేఫ్టీ డిస్క్ పగిలి గ్యాస్ మొత్తం బయటికి వస్తుంది. 4.5 కిలోల సిలిండర్ అయితే 2400 లీటర్ల గ్యాస్, చిన్న కారు లోపలి గాలికి దాదాపు సమానం. అద్దాలు మూసి ఉంటే లోపలున్న మనిషికి ఊపిరాడదు.

స్విఫ్ట్‌లో డిక్కీ, కేబిన్ ఒకటే గది అని గుర్తుంచుకోండి. అందుకని సేఫ్టీ డిస్క్ నుంచి కారు కిందికి గొట్టం తప్పనిసరి. ఒత్తిడి కోసమే కాదు, మీరు వాడేది సెకనుకి 10 గ్రాములే కాబట్టి కూడా పెద్ద సిలిండర్ అక్కర్లేదు. 400 మీటర్ల పరుగులో నైట్రస్ తెరిచి ఉండేది 10, 12 సెకన్లు. 0.9 కిలో సిలిండర్‌తో ఐదారు పరుగులు వస్తాయి. ఎంత మిగిలిందో గేజ్ చెప్పదు, ద్రవం ఉన్నంతసేపూ ఒత్తిడి ఉష్ణోగ్రతని బట్టే ఉంటుంది. తూకం వేయాలి. ఖాళీ బరువు సిలిండర్ మీదే గుద్ది ఉంటుంది.

బిగించేటప్పుడు వాల్వ్ ఉన్న వైపు కారు ముందుకి, వెనక కంటే 15 డిగ్రీలు ఎత్తులో, కంపెనీ స్టిక్కర్ పైకి. లోపల సైఫన్ గొట్టం వంగి వెనక అడుగు భాగానికి చేరుతుంది, కారు దూకినప్పుడు ద్రవమూ అక్కడికే పోతుంది. తిరగేసి పెడితే మధ్యలో ఆవిరి వచ్చి పవర్ పడి లేస్తుంది. బ్రాకెట్ బోల్టులు కారు ఫ్లోర్ రేకు కింద పెద్ద ప్లేటు వేసి బిగించాలి. క్లిప్పులు, ప్లాస్టిక్ టైలు పనికిరావు.

రూల్‌బుక్

నింపించడం, చట్టం.

మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ(4) కింద యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. సీఎన్‌జీ కిట్‌కి ఆమోదం పొందిన రకాలు ఉన్నాయి, ఆర్‌సీలో ఎక్కించుకునే పద్ధతి ఉంది. నైట్రస్‌కి ఆ దారి లేదు. "రోడ్డు మీద వాడను" అన్నా, కిట్ కారులో బిగించి ఉంటే మార్పు మార్పే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగే ప్రశ్న కూడా అదే.

సిలిండర్‌కి గ్యాస్ సిలిండర్ల నిబంధనలు 2016 వర్తిస్తాయి. పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం లేని సిలిండర్ దిగుమతి చేయడానికీ, నింపడానికీ వీల్లేదు. బయట దేశం ముద్ర ఉందని చూపితే సరిపోదు. ఆసుపత్రికి వచ్చే నీలం సిలిండర్ నుంచి ఎవరో పట్టిస్తామంటే ఒప్పుకోకండి. అది మందుల చట్టం కింద ఉన్న గ్యాస్. పైగా తూకం లేకుండా ఒక సిలిండర్ నుంచి ఇంకోదానికి పడితే ఎక్కువ నిండిపోయే అవకాశం ఉంది. ఎక్కువ నిండిన సిలిండర్ ఎండలో ఏమవుతుందో పైన గ్యాస్_గోడౌన్ గారు రాశారు.

నేను చెప్పే క్రమం ఇది. ముందు ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసుల సమాఖ్య) అనుమతి ఉన్న ఈవెంట్ ఎంచుకుని, మీ క్లాసులో నైట్రస్ ఒప్పుకుంటారో లేదో నిబంధనలు చదవండి. చాలా క్లాసుల్లో ఒప్పుకోరు. తర్వాత ఆమోదిత సిలిండర్, నింపే చోటు రాతపూర్వకంగా తేల్చుకోండి. ఈ రెండూ కుదిరాకే కిట్‌కి డబ్బు పెట్టండి. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి కాకుండా, ట్రాక్‌కి ట్రైలర్ మీద వెళ్లే పాత స్విఫ్ట్‌కి బిగించడం మేలన్నది నా అభిప్రాయం. సెకండ్ హ్యాండ్ కారు దొరకడం కష్టమేం కాదు.

కూకట్‌పల్లి_కే12

అందరికీ థాంక్స్. ఆఫీసు కారుకి పెట్టే ఆలోచన మానుకున్నాను. ట్రాక్ కోసం విడిగా పాత కే12 కారు చూస్తాను, అదీ క్లాసు నిబంధనలు చదివాకే. వైరింగ్ గురించి ఒక్కటి అడగాలి. ఈ ఇంజిన్‌లో థ్రాటిల్‌కి కేబుల్ లేదు, కిట్‌లో వచ్చే మైక్రోస్విచ్ (థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుంటేనే నైట్రస్ వదిలేది) ఎక్కడ పెట్టాలి?

అడ్వాన్స్_రిటార్డ్

మంచి నిర్ణయం అన్నా.

మైక్రోస్విచ్ పక్కన పెట్టండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌కి టీపీఎస్ (థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్) వోల్టేజి చదివే స్విచ్ కావాలి. సిగ్నల్ పెడల్ దగ్గర కాకుండా థ్రాటిల్ బాడీ దగ్గర తీసుకోండి. పెడల్ పూర్తిగా తొక్కినా ఈసీయూ కొన్నిసార్లు థ్రాటిల్‌ని పూర్తిగా తెరవదు. మూసి ఉన్న థ్రాటిల్ ముందు నైట్రస్, పెట్రోల్ కలిసి పోగుపడితే ఎదురు పేలుడు వచ్చి ప్లాస్టిక్ మానిఫోల్డ్ పగులుతుంది.

దానితో వరసగా ఆర్‌పీఎం విండో స్విచ్ (రెండు ఆర్‌పీఎం గీతల మధ్యే నైట్రస్ వదిలేది). కింది గీత 3500, పై గీత లిమిటర్ (ఈసీయూ పెట్టిన ఆర్‌పీఎం హద్దు) కంటే 300, 400 తక్కువ. లిమిటర్ తగిలితే ఈసీయూ ఇంజెక్టర్లు ఆపుతుంది, నైట్రస్ మాత్రం వస్తూనే ఉంటుంది. మూడోది రైలు మీద ఫ్యూయల్ ప్రెషర్ స్విచ్, మామూలు ఒత్తిడి కంటే 0.6 బార్ పడగానే తెంచేలా. చివరగా చేతి దగ్గర మూత ఉన్న ఆర్మింగ్ స్విచ్. ఇవన్నీ రిలే కాయిల్ వైపు వరసలో ఉండాలి. సాలినాయిడ్లకి కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు, 30 ఆంపియర్ల రిలే ద్వారా నేరుగా. విండో స్విచ్‌కి ఆర్‌పీఎం సిగ్నల్ లేకపోతే రిలే పడదు కాబట్టి, ఇంజిన్ ఆగి ఉండగా తాళం తిప్పినా పెట్రోల్ మానిఫోల్డ్‌లోకి రాదు.

గొట్టాల కోన్ కూర్చునే ఫిటింగులకి టేపు, గమ్ ఏదీ పెట్టకండి. పైపు మరలకి మాత్రమే ద్రవ సీలెంట్, అదీ మొదటి రెండు మరలు వదిలి. తెల్ల టెఫ్లాన్ టేపు ముక్క ఊడి ఫ్యూయల్ జెట్‌లో అడ్డుపడితే ఇంజిన్ పోయినట్టే. నైట్రస్ వైపు ఎక్కడా గ్రీజు, ఆయిల్ తగలకూడదు.

మొదటి పరీక్ష సిలిండర్ మూసే ఉంచి చేయండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఫ్యూయల్ సాలినాయిడ్‌కి మాత్రం ఒక్క క్షణం కరెంటు ఇస్తే ఇంజిన్ ముక్కుతూ ఆర్‌పీఎం పడాలి. పడకపోతే పెట్రోల్ రావడం లేదు, నైట్రస్ తెరవకండి. తర్వాత డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద మూడో గేర్‌లో 3 సెకన్ల పరుగు, లాంబ్డా చూసుకుని ఇంజిన్ ఆపి, నాలుగు ప్లగ్గులూ విప్పి భూతద్దంతో తెల్ల పింగాణీ చూడండి. మెరిసే చిన్న చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ అల్యూమినియం. నైట్రస్ జెట్ తగ్గించి, టైమింగ్ ఇంకో 2 డిగ్రీలు వెనక్కి తీసి, కొత్త ప్లగ్గులతో మళ్లీ 3 సెకన్ల దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

గ్యాస్_గోడౌన్

ఒకటి చేరుస్తాను. ప్రతి పరుగు అయ్యాక సిలిండర్ వాల్వ్ మూసి, లైన్‌లో మిగిలింది పర్జ్ వాల్వ్‌తో బయటికి వదిలేయండి. సాలినాయిడ్ సీటు కింద చిన్న నలుసు చేరినా నైట్రస్ మెల్లగా మానిఫోల్డ్‌లోకి కారుతుంది, తర్వాత సెల్ఫ్ కొట్టగానే పేలుతుంది. కారిందని అనుమానం వస్తే సెల్ఫ్ కొట్టకండి. ఇంజెక్టర్ల, కాయిల్‌ల కనెక్టర్లు తీసి, ఫిల్టర్ పైపు విప్పి, థ్రాటిల్ తెరిచి గాలి ఆడనిచ్చాక ప్లగ్గులు లేకుండా ఇంజిన్ తిప్పండి. లైన్‌లో సాలినాయిడ్ ముందు చిన్న ఫిల్టర్ పెట్టుకుంటే ఆ నలుసు అసలు అక్కడిదాకా రాదు.